ఇచ్చి ఆగు

అల్లూరు,
బుధవారం

సాహిరా అక్కా,

ఫోన్‌లో అయితే నన్ను ఒప్పించేస్తావు, అందుకే ఉత్తరం. మనిద్దరం తయారుచేసిన తెలుగు ప్రోగ్రామింగ్ భాష చిన్నదిగానే ఉండాలని, కొత్తమాట చేర్చొద్దని అన్నావు. నేను చేర్చాను.

పోయిన గురువారం మా రొయ్యల గుంటలో ఆక్సిజన్ పడిపోతే అలారం మోగలేదు. మన భాషలో రాసిన అలారం ప్రోగ్రాం వారం ఆక్సిజన్ రీడింగులన్నీ ఒకేసారి పోగేయబోయి, గట్టు మీది చిన్న యంత్రంలో మెమరీ చాలక ఆగిపోయింది. రొయ్యలు పైకి తేలడం అమ్మ చూసింది కాబట్టి సగమైనా దక్కాయి.

అమ్మ మేత బస్తా ఒక్కసారే కుమ్మరించదు. నీళ్లలోకి దించే చెక్‌ట్రేలో కొంచెం పెట్టి ఆగుతుంది. తిన్నాయో లేదో ట్రే ఎత్తి చూసి, అప్పుడు మళ్లీ వేస్తుంది. "అంత చదివినారు గదా, దానికి ఆగి ఆగి పెట్టడం నేర్పలేదా?" అని అడిగింది.

నేర్పాను. 'ఇచ్చి ఆగు' అని రాస్తే ఫంక్షన్ ఒక్క రీడింగు ఇచ్చి ఆగుతుంది, మళ్లీ అడిగితే ఆగినచోటు నుంచే సాగుతుంది. నాలుగు రోజులుగా గుంట మీద నడుస్తోంది, మెమరీ చాలక ఒక్కసారీ ఆగిపోలేదు.

కోడ్ ప్రింటు తీసి ఇందులో పెట్టాను. తప్పులుంటే ఎర్రపెన్నుతో దిద్దు. వద్దని మాత్రం రాయకు. ఆ మాట చెప్పాలంటే అల్లూరు వచ్చి, గట్టు మీద నిలబడి అమ్మకు చెప్పు.

మొదటిసారి నీ మాట వినని
నీ కాలేజీ జూనియర్