బిందె మీది పేరు

గోదావరిఖని,
ఆదివారం

సదానందం పెద్దబాపుకు మీ తమ్ముడి బిడ్డ దండాలు.

మన ఇంటి ఆడవాళ్ల పేర్లు రాస్తున్నానని మీ తల్లి పేరు అడిగితే మీరు నవ్వారు. "మా అవ్వ లసుమవ్వ. ఊరంత బెల్లంపల్లామె అంటుండె. గింతకంటె ఏముంటది?" అన్నారు.

ఉంది. మీ ఇంట్లో పెద్దమ్మ బియ్యం పోసుకునే ఇత్తడి బిందె మీద, పెళ్లినాడు పుట్టింటివాళ్లు చెక్కించిన పేరు చూశాను. లసుమవ్వ కాదు, రాజవ్వ. ఆమె ఎవరో తెలుసుకుందామని బెల్లంపల్లి వెళ్లాను. మా బాపమ్మ లసుమవ్వ చెల్లెలు సారవ్వ ఇంకా ఉంది, మాట గట్టిగానే ఉంది.

"రాజవ్వ మా పెద్దక్క. సదానందాన్ని కని పురిట్లనే పోయింది. పిలగాన్ని సాదుతదని లసుమక్కను గదే ఇంటికిచ్చిండ్రు. ఇద్దరిదీ ఒక్క ఊరే గదా, గామెను సుత బెల్లంపల్లామె అనే పిలిచిండ్రు. ఇగ పెద్దక్క ముచ్చట ఎవలు తియ్యలే" అంది.

రెండుసార్లు అడిగాను. పొరపాటు లేదు. బొగ్గుబాయి నౌకరీ కాగితాల్లో మీకూ బాపుకూ తల్లి పేరు లసుమవ్వే. అది అట్లే ఉండనివ్వండి, పెంచిన తల్లి తల్లి కాకుండా పోదు. మీరూ బాపూ వేరుపడ్డప్పుడు ఆ బిందె మీకే ఇవ్వాలని బాపమ్మ పట్టుబట్టిందని బాపు చెప్పాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

రాజవ్వ పేరు నేను రాసేశాను, మిమ్మల్ని అడగలేదు. అడిగేది ఒక్కటే. పెత్రమాసనాడు పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తారు కదా. డెబ్బై ఏళ్లుగా ఆమె పేరు ఎవరూ చెప్పలేదు. ఈసారి మీరు చెప్పండి. బియ్యం ఆ బిందెలోంచే తీయండి.

మీ బిడ్డ