టబ్బు తీసేయమని నువ్వే చెప్పాలి

చెల్లీ,

ఫోన్ చేద్దామంటే మీ వదిన పక్కనే ఉంటుంది, అందుకే ఉత్తరం. బాత్రూమ్ పని సోమవారం మొదలవుతుంది. పాత టబ్బు ఉంచాలా, తీసేయాలా అన్నది ఇంకా తేలలేదు. మేస్త్రీ దాన్ని వేళ్లతో తట్టి, "పోత ఇనుమండీ. కొత్తవి దీని కాలిగోటికి సరిపోవు, ఉంచేయండి" అన్నాడు. మీ వదినదీ అదే మాట. చిన్నప్పుడు నువ్వు అందులో మునిగి, ఊపిరి బిగబట్టి అందర్నీ హడలగొట్టేదానివి కదా, ఈసారి వచ్చినప్పుడు అది కనబడకపోతే బాధపడతావని ఆవిడ బెంగ.

నేను మాత్రం తీసేద్దామంటున్నాను. ఎందుకని అడిగితే, కారుతోందన్నాను. మేస్త్రీ నిండా నీళ్లు పట్టి చూపించాడు. చుక్క కూడా కారలేదు.

అసలు సంగతి నీకే చెబుతున్నాను. పోయిన గురువారం మీ వదిన వాళ్లక్క ఇంటికి వెళ్లాక స్నానానికి దిగాను. లేవబోతే మోకాలు మాట వినలేదు. పదింటి నుంచి మూడున్నర దాకా అందులోనే ఉన్నాను. నీళ్లు చల్లబడితే వదిలేసి, తువ్వాలు కప్పుకున్నాను. ఎదురుగా గోడ మీద ఒక టైలు తలకిందులుగా అతికించి ఉంది, ఇన్నేళ్లూ చూడనేలేదు. చివరికి బోర్లా తిరిగి, పసిపిల్లాడిలా పాకి బయటపడ్డాను. సాయంత్రం ఆవిడ వచ్చి, "తువ్వాలు ఇంకా తడిగా ఉందేంటి?" అంది. రెండోసారి స్నానం చేశానన్నాను.

ఆదివారం నువ్వు ఫోన్ చేసి, ఆ టబ్బు నీకేమీ అక్కర్లేదని, తీయించేయమని చెప్పు. నీ మాటంటే ఆవిడ కాదనదు. గోడకి పట్టుకోవడానికి ఒక కడ్డీ కూడా పెట్టించమను. నీ కోసమేనని చెప్పు.

అన్నయ్య