వెనక సీటు కింది కాగితం

ఫ్లింట్, మిషిగన్
గురువారం, అక్టోబరు 10, 1991

ప్రియమైన రోవీనాకు,

నేను ఇక్కడ కులాసాగానే ఉన్నాను. టూసాన్‌లో మీ అమ్మగారు చేతికర్ర లేకుండా నాలుగడుగులు వేశారని చదివి సంతోషించాను. నువ్వడిగిన వాటికి వరుసగా జవాబులు. ఒకటి, హీటరు ఫిల్టరు మార్చాను. రెండు, టొమాటో మొక్కలు మొన్నటి మంచుకు మాడిపోయాయి. మూడు, భోజనం సంగతి: వారానికి రెండుసార్లు కోనీ హోటల్లో తింటున్నాను, మిగతా రోజుల గురించి అడగవద్దు. నాలుగు, నీ తమ్ముడి కారు చూడటానికి వెళ్లానా అన్నది. వెళ్లాను. దాని జవాబు కాస్త పొడుగు.

మీ నాన్నగారి 1970 షెవెల్ కారు ఎదుట నిలబడితే నాకిప్పటికీ కడుపు మండుతుంది. ఆయన దాన్ని వేరొకరి దగ్గర కొన్ననాటి నుంచి పదిహేనేళ్లు, ప్రతి ఆదివారం పక్కన నిలబడి స్పానర్లు అందించినవాణ్ని నేను. 454 ఘనపుటంగుళాల ఇంజను, నిమిషానికి 5600 చుట్ల దగ్గర 450 గుర్రాల శక్తి, పదకొండుంపావుకు ఒకటి కంప్రెషన్, నాలుగు గేర్లు, వెనక ఇరుసుకు పన్నెండు బోల్టులు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆయన మాత్రం పోతూ పోతూ తాళాలు కొడుకు డెల్‌కే ఇచ్చారు. పోయిన శనివారం డెల్‌ను కార్బురేటరు ఏ కంపెనీదని అడిగితే, గాలి ఫిల్టరు మూత చూపించి, "ఇదిగో, గుండ్రంగా ఉంది చూడు బావా, ఇదే" అన్నాడు.

వాడు నన్ను పిలిచిన పని వేరు. "బావా, నాన్నేమో ఇది ఫ్యాక్టరీలోనే ఈ పెద్ద ఇంజనుతో వచ్చిన అసలుదే అనేవాడు. ఎవడో మామూలు షెవెల్‌కు ఇంజను మార్చి, పేరు బిళ్లలు అతికించిన నకలేమో, నువ్వే తేల్చాలి. అసలుదైతే రంపం పెట్టను, ఒట్టు. నకలైతే వెనక నేల రేకు కోసేసి, వెడల్పు టైర్లేసి, పావుమైలు పందేలకు దించేస్తా."

ఆ ఏడాది షాసీ నంబరులో ఏ ఇంజను వేశారో ఉండదు. ఇంజను మీది అక్షరాలేమో, మీ నాన్నగారు దాని పైభాగం చదును చేయించినప్పుడు రాపిడిలో పోయాయి. మిగిలిన సాక్ష్యం ఒక్కటే. ఏ బండికి ఏం బిగించాలో రాసిన కాగితాన్ని, పని అయ్యాక కొన్నిసార్లు ఫ్యాక్టరీవాళ్లు సీటు స్ప్రింగుల్లోనే వదిలేసేవారు. డెల్ బీరు తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు వెనక సీటు ఎత్తి చూశాను. వాడు తిరిగి రాగానే, "ఏమీ లేదు డెల్, ఇది నకలే" అన్నాను.

పందేల మాట ఉత్త కోతలేననీ, నకలని తేలితే "అయితే నువ్వే ఉంచుకో బావా" అంటాడనీ లోపల లెక్క వేసుకున్నాను. వాడేమో ఎగిరి గంతేశాడు. "హమ్మయ్య! జీవితాంతం మ్యూజియం కాపలా కాయాలేమోనని హడలి చచ్చాను. వచ్చే శనివారం పొద్దున్నే కోసేద్దాం. గీత నువ్వే గీయాలి, నేను గీస్తే వంకర పోతుంది." తర్వాత బీరు సీసా తిప్పుతూ నెమ్మదిగా అన్నాడు: "నీ మీద నాకెంత ఏడుపో తెలుసా బావా? నాన్న నాకు తాళాలిచ్చాడు గానీ, కబుర్లన్నీ నీకే చెప్పాడు."

రోవీనా, వాడలా అంటున్నప్పుడు ఆ కాగితం నా చొక్కా జేబులో ఉంది. ఒక మూల ఎలుక కొరికింది. ఇంజను గడి, గేర్ల గడి మాత్రం స్పష్టంగా ఉన్నాయి. కారు అసలుదే. ఐదు రోజులుగా ఆ కాగితం నా బల్ల సొరుగులో ఉంది.

పశ్చాత్తాపపడుతున్నానని రాస్తే అబద్ధమవుతుంది. ఈ కాగితం ఇస్తే ఆ కారు మరింత గొప్పదై వాడి గరాజులోనే నిలబడుతుంది. అది తలచుకున్నప్పుడల్లా సొరుగు మళ్లీ మూసేస్తున్నాను. కానీ ఒకసారి కోసిన నేలను నేనెంత బాగా వెల్డింగు చేసినా మళ్లీ ఫ్యాక్టరీ నేల కాదు. వాడికి ఫోను చేస్తే మధ్యలో మాట మార్చేస్తానని నా సంగతి నాకు తెలుసు. అందుకే ముందు నీకు రాస్తున్నాను. ఈ ఉత్తరం డబ్బాలో పడ్డాక నాకు తప్పించుకునే దారి ఉండదు. పోస్టాఫీసు నుంచి తిన్నగా డెల్ ఇంటికే వెళ్తాను. వాడు తిట్టినా, కొట్టినా పడతాను. నవ్వేసి, భుజం తట్టి, "పోనీలే బావా, ఆదివారాలు నువ్వే వచ్చి చూసుకో" అంటాడేమోనన్నదే నా భయం. అది భరించడం కష్టం.

ఇట్లు,
నీ భర్త,
ఆరిన్