ఖాళీ కుర్చీకి కొత్త గుడ్డ

అన్నయ్యకి,

నిద్ర పట్టడం లేదని, నేను వెళ్ళిన కౌన్సెలర్ దగ్గరికే నువ్వూ వెళ్తావని వదినతో కబురు పెట్టావు. నీ నోటితో అడగడానికి నామోషీ కాబోలు! "దానికి పిచ్చి, కౌన్సెలింగుకి పోతోంది" అని ఊరంతా చాటి, నాన్న పెట్టిన సోఫాలు కుట్టే షాపులోంచి నన్ను గెంటేసిన నోరు కదా.

నాకు ఇప్పుడు హాయిగా నిద్ర పడుతోంది. నేనిక వెళ్ళక్కర్లేదు కాబట్టి నిన్ను చూస్తానంది ఆ కౌన్సెలరమ్మ. గురువారం వెళ్ళు.

ఆ గదిలో నువ్వూ ఆవిడే. నీ జోకులకి నవ్వే పనివాళ్ళుండరు. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంటుంది. కోపం ఎవరిమీదో వాళ్ళు అందులో ఉన్నారనుకుని మాట్లాడమంటుంది. ఏడాదిగా అందులో ఉన్నది నువ్వే. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఒకరోజు కొట్టి కొట్టి సీటు చింపేశాను. ఆవిడ కసురుకోలేదు. "ఇంకా ఏం చెప్పాలి ఆయనకి?" అంది.

నా మాట ఒక్కటీ నీకు చెప్పదు. నీ సంగతంతా తెలిసీ "చెప్పండి" అంటుంది. నువ్వు అందులో నేనున్నాననుకుని మాట్లాడాక, నిన్నే ఆ కుర్చీలో కూర్చోబెట్టి, నా తరఫున జవాబు చెప్పమంటుంది. చెప్పు, నేను వింటున్నాననుకుని.

ఆ సీటుకి పోయినవారం నేనే కొత్త గుడ్డ వేశాను. నీకోసం ఒక్క మేకు పైకి వదిలేద్దామనుకున్నాను. వేరేవాళ్ళూ కూర్చుంటారని దిగగొట్టేశాను. దిగగొట్టాననే గుర్తు.

అయినా, చూసుకుని కూర్చో.

నీ పిచ్చి చెల్లెలు