సుజాత రాసిన జవాబు

బాన్సువాడ, ఆగస్టు 2008, శుక్రవారం రాత్రి

నా విద్యార్థిని సుజాత జవాబును ఉంచాలో తీసేయాలో రేపు ఉదయం పిల్లలు వచ్చే ఇంటర్నెట్ సెంటర్ తెరిచేలోగా తేల్చుకోవాలి. అందుకే ఇది ఇప్పుడే రాసుకుంటున్నాను.

మా వ్యవసాయ డిప్లొమా ఆన్‌లైన్ చర్చలో ఇంతకాలం ఒకరు పుస్తకంలోది రాస్తే, మిగతావారు ‘నాదీ అదే అభిప్రాయం’ అని సరిపెట్టేవారు. అందుకని ఈసారి, కాలువ చివరి పొలాలకు నీరెందుకు అందదో పుస్తకం మూసి, కళ్లతో చూసింది రాయమన్నాను. ఎగువ రైతులు తమ వంతు ముగిశాక కూడా తూము మూయరని సుజాత రాసింది. అది ఏ ఊరి తూమో కూడా రాసింది. సంతోషం పట్టలేక, అందరూ చదవాలని దాన్ని చర్చ పేజీలో అన్నిటికన్నా పైన పెట్టాను. కింద ఎవరూ ఒక్క మాట రాయలేదు.

సాయంత్రం సెంటర్ మెట్ల దగ్గర ఆమె నన్ను ఆపింది.

“సార్, గా జవాబు తీసేయుండ్రి. గా తూము మన క్లాసు కిషోర్ వాళ్ల పొలం కాడిదే. మా నాయిన వాళ్ల దగ్గరనే పని చేస్తుండు.”

“నువ్వు రాసింది తప్పా, అమ్మా?”

“తప్పని నేనన్ననా? నిజమే సార్, గందుకే ఫికర్. మీరు ప్రశ్న అడిగి ఇంటికి పోతరు. రేపటిసంది నాయిన్ని పనికి పిలువకుంటే ఏం జేయాలె?”

ఆలోచిస్తానని చెప్పి ఇంటికొచ్చేశాను. తీసేస్తే, సొంతంగా ఆలోచించడమే తప్పని మిగతా పిల్లలు అనుకుంటారు. అయినా తీసేస్తాను; ఆ ఇంటి కూలి కన్నా నా పాఠం పెద్దది కాదు.

కిషోర్ దాన్ని ఇప్పటికే చదివి ఇంట్లో చెప్పాడో లేదో మాత్రం నాకు తెలియదు.