షిఫ్ట్ ఐదుసార్లు

సిద్దిపేట,
6 జూలై 2025

ప్రియమైన బిడ్డ మనీషకు,

బాపు రాస్తున్నాడు. నిజంగా నేనే. ఇన్నాళ్లూ నేను చెబుతుంటే, నన్ను కట్టుకున్న పాపానికి మీ అవ్వ రాసేది. ఈ ఉత్తరంలో అచ్చు అక్షరాలన్నీ నా ఎడమచేతి చూపుడు వేలు కొట్టినవి. మధ్యమధ్యలో పెన్నుతో ఉన్నవి మాత్రం అవ్వ నింపింది. ఎందుకో చెబుతాను.

తాటిచెట్టు మీది నుంచి పడ్డాక దవాఖానకు దగ్గరని ఊరు విడిచి ఇక్కడ గది కిరాయికి తీసుకున్నాం కదా. అవ్వ పొద్దున్నే బట్టల దుకాణంలో పనికి పోతుంది. నాకేమో పగలంతా పని లేదు. కుడిచెయ్యి మెడకు వేలాడుతుంది. ఎడమ మణికట్టుకు కట్టు విప్పారు గానీ వేళ్లు ఇంకా విడివిడిగా కదలవు. అందుకే అన్నీ కలిపి బలపం పట్టుకుని, అరుగు మీద కూర్చుని పలక మీద దిద్దుతున్నాను. ఒకరోజు ఆ చప్పుడు విని ఇంటి ఓనరు స్వరాజ్యలక్ష్మి టీచరమ్మ బయటికి వచ్చారు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి, ఒక్కరే ఉంటారు. “ముందర గదిల కంప్యూటరున్నది. పరీక్ష పేపర్లు దాంట్లనే కొట్టేదాన్ని. చేతిరాత ఎట్లున్నా దానికి ఒక్కటే, కూసోని చూడు” అన్నారు.

రిటైరైన రోజు ఆమెకు కప్పిన శాలువానే ఇప్పుడు ఆ కంప్యూటర్‌కు కప్పి ఉంది. అది తీసి కూర్చున్నాను. తెరకు కింద మూలన ఇంగ్లిష్ అని ఉన్నచోట నొక్కితే తెలుగు వచ్చింది. దీన్ని విడిగా కొనలేదట, కంప్యూటర్‌లోనే ఉందట. నాకు భలే విచిత్రంగా అనిపించింది. ఎవరో మనవాళ్లు లోపల కూర్చుని ఎదురుచూస్తున్నట్టు.

ఇబ్బందల్లా షిఫ్ట్ కీతో వచ్చింది. ‘డి’ మీద నొక్కితే పొల్లు పడుతుంది. అదే కీ మీద ‘అ’ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని నొక్కాలి. పట్టుకోవడానికి ఇంకో వేలేది? అవ్వ అని రాద్దామంటే ‘వ్వ’ అనే వస్తుంది. నా ఉత్తరంలో అన్నం లేదు, ఇల్లు లేదు, ఊరు లేదు. ఖాళీలు వదిలాను. అవే అవ్వ పెన్నుతో నింపింది. ఈ ఒక్క ఉత్తరానికి నాలుగు రోజులు పట్టింది.

కోపమొచ్చి షిఫ్ట్‌ను గబగబా నొక్కాను. అయిదోసారికి కుయ్యిమని చప్పుడై ఇంగ్లిష్‌లో ఒక డబ్బా వచ్చింది. పాడు చేశానేమోనని భయపడి ‘నో’ నొక్కాను. దాంట్లో ‘స్టిక్కీ కీస్’ అని ఉంది. మీ ల్యాబ్‌లో ఎవరినైనా అడిగి అదేందో రాయి.

చెయ్యి బాగానే ఉంది. నువ్వు దిగులు పెట్టుకోకు.

ఆశీస్సులతో,
నీ బాపు పర్శరాములు

~

గురుకులం హాస్టల్,
17 జూలై 2025

ప్రియమైన బాపుకు,

అచ్చు ఉత్తరం చూసి వార్డెన్ మేడం ఏదో ఆఫీసు నుంచి వచ్చిందనుకుంది. మా బాపు కొట్టిండు మేడం అని చెబితే క్లాసులో అందరికీ చూపించింది. ఖాళీల్లో అవ్వ పెన్నుతో నింపిన అక్షరాలు కిందికి జారడం కూడా నాకు ముద్దుగానే ఉంది.

నువ్వు పాడు చేయలేదు. ఆ డబ్బా నీలాంటి వాళ్ల కోసమే పెట్టారట. రెండు కీలు ఒకేసారి పట్టుకోలేనివాళ్లకు అది సాయం. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కి ఈసారి ‘యెస్’ అను. తర్వాత షిఫ్ట్ ఒకసారి నొక్కి వేలు తీసెయ్. అది నొక్కినట్టే గుర్తుపెట్టుకుంటుంది. నువ్వు నింపాదిగా వెళ్లి ‘డి’ నొక్కితే ‘అ’ వస్తుంది. ఒక్క షిఫ్టే కాదు, కంట్రోల్, ఆల్ట్, విండోస్ కీ కూడా అలాగే ఆగుతాయి.

ఇది రాసే ముందు ల్యాబ్‌లో కుడిచేతిని చున్నీతో నడుముకు కట్టేసుకుని చూశాను. పక్కనున్న నవత నాకు పిచ్చి పట్టిందనుకుంది. ఒక వాక్యానికే విసుగొచ్చింది. నువ్వు రెండు పేజీలు ఎలా కొట్టావు బాపు?

ఇంకోటి. మౌస్‌ను ఎడమచేతికి మార్చుకోవచ్చు. సెట్టింగ్స్‌లో మౌస్ అని ఉంటుంది, అక్కడ ముఖ్యమైన బటన్ ఏది అని అడుగుతుంది. కుడిది అని పెట్టు, అప్పుడు నీ చూపుడు వేలి కిందికి వస్తుంది.

చెయ్యి బాగానే ఉంది అని రాశావు. బాగానే అంటే ఎంత? వేళ్లు కదులుతున్నాయా? ఇంటర్ సెకండియర్ ఇంటి దగ్గరుండి కూడా కట్టొచ్చట, ఓపెన్‌లో. ఊరికే తెలుసుకున్నాను. దసరాకు వచ్చినప్పుడు మాట్లాడదాం.

నీ బిడ్డ,
మనీష

~

సిద్దిపేట,
10 ఆగస్టు 2025

ప్రియమైన బిడ్డకు,

అ ఆ ఇ ఈ ఉ ఊ ఎ ఏ ఐ ఒ ఓ ఔ. ముందు ఇవి చూడు. ఇందులో పెన్ను గీత ఒక్కటీ లేదు.

నువ్వు చెప్పినట్టే వచ్చింది. షిఫ్ట్ నొక్కి చెయ్యి తీసి కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను, అది మర్చిపోతుందేమోనని. మర్చిపోలేదు. ‘డి’ నొక్కగానే ‘అ’ పడింది. ఎన్ని ‘అ’లు కొట్టానో లెక్కలేదు. అవ్వ దుకాణం నుంచి వచ్చి చూసి, నీకేమన్నా అయిందా అని అడిగింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున టీచరమ్మకు పేపర్ చదివి వినిపించి, తర్వాత కంప్యూటర్ దగ్గర కూర్చుంటున్నాను. ఎక్కడ ఏముందో వెతుకుతుంటే తాటివనంలో కొత్త చెట్లు చూసుకుంటూ తిరిగినట్టే ఉంటుంది. గడియారం ఉంది, లెక్కల పెట్టె ఉంది, మాటను పట్టి దాచుకునేది కూడా ఉంది. దాంట్లో అవ్వ గొంతు పట్టాను. తను విని నమ్మలేదు, అది నా గొంతు కాదంది.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న ఏవో రెండు కీలు తగిలి తెర మీద అక్షరాలు ఉన్నట్టుండి పళ్లెమంత పెద్దవైపోయాయి. మౌస్ ఎటు పోతే తెర అటు జరుగుతుంది. ఏం చేసినా పోలేదు. చివరికి కంప్యూటర్ ఆపేసి మళ్లీ పెడితే మామూలుగా వచ్చింది. అది ఏమిటి? మళ్లీ తెప్పించాలంటే ఎలా? ఎంత పెద్దది చేయవచ్చు? తెల్లటి వెలుగు కళ్లలో గుచ్చకుండా తెర నల్లగా, అక్షరాలు తెల్లగా పెట్టుకోవచ్చా? ఇవన్నీ వివరంగా, ఆలస్యం చేయకుండా రాయి. ఎందుకని మాత్రం అడగకు.

దవాఖానకు పోతూనే ఉన్నాను. డాక్టరు మంచిగనే ఉందన్నాడు.

నీ బాపు

~

గురుకులం హాస్టల్,
19 ఆగస్టు 2025

ప్రియమైన బాపుకు,

ముందు నువ్వడిగింది. దాని పేరు మాగ్నిఫయర్, అంటే భూతద్దం. విండోస్ కీ నొక్కి వదిలి, ప్లస్ నొక్కు. స్టిక్కీ కీస్ పెట్టి ఉంది కాబట్టి ఒక్కో కీ నొక్కితే చాలు. నొక్కేకొద్దీ పెరుగుతుంది, మైనస్‌తో తగ్గుతుంది. మూసేయాలంటే విండోస్ కీ, ఎస్కేప్. అది తెరిచి ఉన్నప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఐ వరుసగా నొక్కితే తెలుపు నలుపవుతుంది, నలుపు తెలుపవుతుంది. మళ్లీ అవే నొక్కితే మామూలుగా వస్తుంది.

ఇప్పుడు నేనడిగేది. నీ కళ్లకు ఏమైంది?

అడగవద్దని రాశావు. అందుకే భయమేస్తోంది. చెట్టు మీది నుంచి పడ్డప్పుడు తలకు దెబ్బ తగిలిందని నాకు తెలుసు. కంటిచూపు ఆలస్యంగా కూడా తగ్గొచ్చని ఎక్కడో చదివాను. వెలుగు కళ్లలో గుచ్చుతోందని నువ్వే రాశావు. పోయిన వారం ఫోన్‌లో అవ్వను అడిగితే, అదేం లేదని చెప్పి మాట మార్చింది. నాకు ఐదు నిమిషాలే ఇస్తారు, గట్టిగా అడిగేలోపే అయిపోయింది.

నేను వచ్చేస్తాను బాపు. అవ్వ ఒక్కతే దుకాణం, దవాఖాన, ఇల్లు చూసుకోలేదు. టీసీ ఫారం తీసుకున్నాను, ఇందులో పెట్టాను. తండ్రి సంతకం ఉంటేనే ఇస్తారట. రాకపోతే వేలిముద్ర అయినా సరేనని మేడం చెప్పింది. కోపం తెచ్చుకోకు. చదువు ఎప్పుడైనా చదవొచ్చు.

నీ బిడ్డ,
మనీష

~

సిద్దిపేట,
29 ఆగస్టు 2025

ప్రియమైన నా బిడ్డ మనీషకు,

నా కళ్లు బాగున్నాయి. చీకటితో చెట్టెక్కినవాడిని, నా చూపుకు ఏమీ కాలేదు.

కళ్లు పోయింది టీచరమ్మకు.

ఏడాది దగ్గర పడుతోందట. కంటి నడుమ భాగం చెడిపోయిందనీ అద్దాలు మార్చినా లాభం లేదనీ డాక్టర్లు చెప్పారట. ఎవరికీ చెప్పుకోలేదు. నా చేత పేపర్ చదివించుకున్నన్ని రోజులూ అద్దాలు రిపేరుకిచ్చానని చెబుతూ వచ్చారు. మూడు వారాలు ఎవరు రిపేరు చేస్తారు? నేనూ అడగలేదు.

అక్షరాలు పెద్దవైన రోజు ఆమె నా వెనకాల కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నేను కంగారుగా కీలన్నీ నొక్కుతున్నాను. తెర నిండా ఒక్క అక్షరమే ఉంది. వెనక నుంచి మెల్లగా, “గా అక్షరం ‘అ’ కదా, పర్శరాములూ” అన్నారు. తిరిగి చూస్తే ఒడిలోని చిక్కుడుకాయలు కింద పడి ఉన్నాయి, ఆమె లేచి నిలబడ్డారు. అప్పుడు చెప్పారు అన్నీ. నలభై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పి, ఇప్పుడు నాకు చదవరాదని ఎవరితో అనాలె అని అడిగారు. ఎవరికీ చెప్పనని నాతో మాట తీసుకున్నారు. అందుకే నీకూ రాయలేదు. అవ్వకు తెలిసిపోయింది, తనను కూడా చెప్పొద్దన్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే నువ్వు చెప్పిన కీలు నొక్కాం. తెర నల్లబడి అక్షరాలు తెల్లగా లేచాయి. ఆమె మొదట ఏం చదివారో తెలుసా? తను ఎప్పుడో కొట్టిన పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రం. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అరగంట చదివారు. నాలుగో ప్రశ్నలో ఒక తప్పు దొరికింది. అన్ని వందల మంది పిల్లలకు తప్పు పేపర్ ఇచ్చానా అని మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదు.

తర్వాత నీ ఉత్తరంలో మిగిలింది ఆమెకు చదివి వినిపించాను. ఫారం సంగతి కూడా చెప్పాను. ఏం చేయమంటారని అడిగాను. ఆమె, “నా సంగతి రాయి. గా పిల్లకు అబద్ధం చెప్పి నా పరువు కాపాడకు” అన్నారు.

ఆ మాటకు నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. ఎందుకంటే నీకు చెప్పిన అబద్ధం వేరే ఉంది. అది టీచరమ్మది కాదు, నాది.

నా కుడిచెయ్యి ఇక రాదు బిడ్డా. మెడ దగ్గర నరాలు తెగిపోయాయి. నువ్వు హాస్టల్‌కు పోయిన మరుసటి వారమే పరీక్ష చేసి చెప్పారు. అవ్వకు తెలుసు. నీకు చెప్పొద్దని నేనే ఆపాను. చెబితే చదువు ఆపి వస్తావని నా భయం. డాక్టరు మంచిగనే ఉందన్నాడని రాసింది ఎడమచేతి గురించి. అది మాత్రం నిజం. పలక పట్టుకుంది కూడా కుడిచెయ్యి మీద ఆశ వదులుకున్న రోజునే. చెప్పకపోయినా నువ్వు రావాలనే అనుకున్నావు. ఇంకా దాచి ఏం లాభం?

ఇంకొక సంగతి కూడా తెలుసుకుని నిర్ణయం తీసుకో. మైసయ్య నీకు తెలుసు, నాతో పాటు చెట్లెక్కినవాడు. జూలైలో వాడూ పడ్డాడు, నడుము విరిగింది. సాయం కోసం దరఖాస్తు రాయించుకోవడానికి వాడి భార్య మూడుసార్లు పట్నం వచ్చి తిరిగిపోయింది. ఒకసారి ఒక కాగితం తక్కువ, ఇంకోసారి రాసిన తీరు సరిగా లేదు. ఆ దరఖాస్తు మేం రాశాం. నేను కొట్టాను, టీచరమ్మ చెప్పారు. ఆఫీసు భాష ఆమెకు కొట్టినపిండి. ప్రతి లైనూ తెర మీద పెద్దది చేసి చదివి, దిద్ది గానీ వదల్లేదు. ‘జారిపడి’ అని రాయాలా, ‘ప్రమాదవశాత్తు పడి’ అని రాయాలా అని ఇద్దరం కొట్లాడుకున్నాం. ఆమే గెలిచారు. దరఖాస్తు తీసుకున్నారు. ఆ తర్వాత ఇంకో ఇద్దరివి రాశాం.

మొన్న కల్లుగీత సంఘం అధ్యక్షుడు అంజన్న ఇంటికి వచ్చి, “చెట్టు మీదికెల్లి పడ్డోనికే పడ్డోని బాధ తెలుస్తది. వారానికి రెండు రోజులు సంఘం ఆఫీసుల కూసో” అన్నాడు. జీతం కొద్దిదే. కానీ వచ్చే నెల నుంచి పొద్దున లేచి ఫలానా చోటికి పోవాలని నాకూ ఉంటుంది.

ఫారం సంతకం లేకుండానే వెనక్కి పంపుతున్నాను. నా మీద జాలితో అయితే సంతకం పెట్టను. సంగతులన్నీ తెలిశాక కూడా ఇంటికి రావాలని నీకే అనిపిస్తే పట్టుకునిరా, పెడతాను. నీ ఇష్టానికి అడ్డం రాను.

నీ బాపు పర్శరాములు

~

గురుకులం హాస్టల్,
3 సెప్టెంబర్ 2025

ప్రియమైన బాపుకు,

ఉత్తరం మెస్‌లో చదవడం మొదలుపెట్టి, సగంలో లేచి మెట్ల మీదికి పోయి కూర్చున్నాను. కుడిచెయ్యి గురించి రాసిన చోటే ఆగిపోయాను. నవత వచ్చి ఏమైందని అడిగితే కాగితం చేతికిచ్చాను. తను కూడా చదివి నా పక్కనే కూర్చుంది.

ఫారం మేడంకు తిరిగి ఇచ్చేశాను. నువ్వు బాధపడతావని కాదు. ఆ ఫారం తీసుకున్న రోజు, నువ్వు చీకట్లో గోడలు పట్టుకుని నడుస్తున్నట్టు ఊహించుకున్నాను. ఆ మనిషి కోసమే రావాలనుకున్నాను. అలాంటి మనిషి సిద్దిపేటలో లేడు. అక్కడ ఉన్న ఆయన ఒక్కో మాట కోసం టీచరమ్మతో కొట్లాడుతున్నాడు. ఆయనకు నేను పక్కన కూర్చుని చేసేదేమీ లేదు.

కానీ బాపు, రెండు నెలలు. రెండు నెలలు నాకు అబద్ధం రాశావు. చేతిని చున్నీతో కట్టుకుని చూసినప్పుడు, ఇంకొన్నాళ్లకు నీకు ఈ బాధ తప్పుతుందని అనుకున్నాను. నువ్వేమో అప్పటికే తెలిసి కూడా ఊరుకున్నావు. ఎడమచేతి గురించి రాశానని తప్పించుకోకు. అవ్వ కూడా నీతో కలిసింది. టీచరమ్మ సంగతి వేరు, ఆమెకు నా నమస్కారాలు చెప్పు. ఆమె దిద్దిన దరఖాస్తు ఒకటి చూడాలని ఉంది, ప్రింటు తీసి తెండి.

పద్నాలుగో తారీఖు ఆదివారం తల్లిదండ్రులను రానిస్తారు. పది గంటలకల్లా టీచరమ్మను కూడా తీసుకుని ముగ్గురూ రండి. ఇదంతా ఉత్తరంలో చాలదు. ముందు నీతో, అవ్వతో కడుపునిండా పోట్లాడాలి. ఆ తర్వాతే అన్నం.

ఇంకా కోపం తగ్గని నీ బిడ్డ,
మనీష