పాపకు నూనె రాయకు

నా బంగారు తల్లి ఆతికి,

అమ్మ సలాములు, దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. ఈ మాట ఈసారి నిజంగా నిజం. నువ్వు ఆ సింగపూరులో వేళకు తింటున్నావనీ, ఒంట్లో బాగుందనీ తలుస్తున్నాను.

టెలిగ్రాం అందే ఉంటుంది. "పాపకు నూనె రాయకు" అన్న ముక్క చూసి గుండె గుభేలుమని ఉంటుంది. నీ ఉత్తరం చదివిన మరుక్షణం మీ నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూనే నామ్లియా తపాలా ఆఫీసుకు పరిగెత్తి కొట్టించి వచ్చాడు. ఎందుకు రాయకూడదో అందులో పట్టదు కదా, అది చెప్పడానికే ఈ ఉత్తరం. కానీ ముందు నువ్వు అడిగినవాటికి జవాబు రాయనీ తల్లీ. 

వంటింటి కప్పు మార్పించాం. కొత్త సాగో ఆకు వేశాం కాబట్టి ఈ వానలకు బెంగ లేదు. అల్లుడు ఎక్కిన చేపల పడవ ఇంకా తిరిగి రాలేదు, కబురు మాత్రం అందింది, కులాసాగానే ఉన్నాడట. మీ నాన్న మోకాలి సంగతి అడిగావు. నూనె బట్టీ నిచ్చెన ఎక్కుతూ మూలుగుతాడు. ఏమైందయ్యా అంటే "నిచ్చెన మూలిగిందే" అంటాడు. ఆయన్ని మందు వాడమని నువ్వే రాయి. నా మాట ఆయనకు ఎప్పుడు చెవికెక్కింది గనక?

నీ కొడుకు అర్మిన్ బల్ల పట్టుకుని నడుస్తున్నాడు. చేపల పులుసులో కర్రపెండలం కసుఆమి నలిపి పెడితే గిన్నె ఖాళీ చేస్తాడు. కోడి కనబడితే చాలు, వెంటపడతాడు.

ఇక అసలు సంగతి. నువ్వు చూసుకునే మేడం పాపకు జలుబు చేసి ముక్కు మూసుకుపోయిందనీ, మేడం ఆఫీసుకు వెళ్లాక నీ పెట్టెలోంచి మన కాయుపుతీ ఆకు నూనె తీసి గుండెలకు పట్టించి, ముక్కు కింద ఒక చుక్క రాశావనీ, ఏడుస్తున్న పిల్ల కాసేపటికే హాయిగా నిద్రపోయిందనీ రాశావు. అప్పటినుంచి ఆమెకు తెలియకుండా అప్పుడప్పుడూ రాస్తున్నాననీ, "మన నూనె గొప్ప చూశావా అమ్మా" అనీ రాశావు. నవ్వుకుంటూ రాసి ఉంటావు. అది చదువుతూనే మీ నాన్నను కేకేశాను.

ఎందుకంటే నేనూ అదే చేశాను తల్లీ. మన అర్మిన్‌కి.

వానలు మొదలైన కొత్తలో వాడికి జలుబు చేసింది. ఆ రోజే ఆకు కాచి బట్టీ దింపారు. తొలి ధార నూనె ఇంట్లో అందరికన్నా చిన్నవాడికి రాయడం మన ఇంటి ఆనవాయితీ కదా. నీకూ రాశాను, మీ అన్నకూ రాశాను. ఇంకా వేడి ఆరని నూనె మీ నాన్నే చిప్పలో తెచ్చి ఇచ్చాడు. వీపుకు, పాదాలకు పట్టించాను. అక్కడితో ఆగినా బాగుండేది. ముక్కు దిబ్బడ వదలాలని ముక్కు కింద కూడా వేలితో రాశాను.

వాడు నోరు తెరిచాడు. ఏడుపు రాలేదు. నోరు తెరిచే ఉంది, గాలి లోపలికి పోవడం లేదు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. గాలి సోకింది, ఇంకాస్త నూనె రాయమని పక్కింటావిడ. నేను రాయబోయాను కూడా. నా చేతిలోంచి బిడ్డను లాక్కుని మీ నాన్న రోడ్డు మీదికి పరిగెత్తి, వచ్చే మోటారు సైకిలుకు అడ్డం నిలబడ్డాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వాడి మొహానికి ఆక్సిజన్ పెడుతూనే మొదట అడిగిన మాట, ఒంటికి ఏం రాశారు అని. మన బట్టీ నూనె అని చెప్పాను. వెంటనే మొహం, ఒళ్లు సబ్బు నీళ్లతో తుడిపించింది. ఫిట్స్ కూడా వచ్చాయి. వాడికి ఊపిరి తిరిగే వరకు నేను ఎలా ఉన్నానో రాయలేను.

తర్వాత ఆమె చెప్పింది: పెద్దవాళ్లకు ముక్కు తెరిపించే ఘాటే పసివాళ్లకు గొంతు బిగిసిపోయేలా చేస్తుందట. చిన్నపిల్లల మొహం దగ్గరికి, ముక్కు దగ్గరికి అది రానే కూడదట. పొరపాటున గుక్కెడు మింగినా ప్రాణానికి ముప్పేనట. మీ నాన్న ఊరుకుంటాడా? "మా అమ్మ నాకు రాసింది, నేను నా పిల్లలకు రాశాను. ఎవరూ చావలేదే" అన్నాడు. ఆమె కోప్పడలేదు.

"చనిపోయినవాళ్లు వచ్చి చెప్పరు కదండీ" అంది.

మీ నాన్న ఇంటికి వచ్చాక, పాత షర్బతు సీసాల్లో పోసి నేల మీద వరసగా పెట్టిన నూనెంతా అటక ఎక్కించి తాళం పెట్టాడు. ఇప్పుడు చంటిబిడ్డ కోసమని ఎవరు వచ్చినా అమ్మడు. సొంత సరుకుకు తానే తాళం వేసుకున్నాడని ఊరంతా వెక్కిరిస్తోంది. వెక్కిరించనీ.

ఆ రోజుల్లోనే నీకు రెండు ఉత్తరాలు రాశాను, అందరం క్షేమం అని. ఒకటైతే ఆసుపత్రి వరండాలో కూర్చునే రాశాను. "దూరాన ఉన్నదానికి చెప్పి ఏం చేస్తావే? ఏడుస్తూ పరాయి బిడ్డను ఎత్తుకోవాలా?" అన్నాడు మీ నాన్న. నాకూ అదే మంచిదనిపించింది. సిగ్గు కూడా ఉంది ఆతీ, దాచను. నీ బిడ్డను నాకు అప్పగించి వెళ్లావు, నా చేత్తోనే ఇలా అయిందని ఎలా రాయను? అప్పుడే రాసి ఉంటే నువ్వు ఆ సీసా మూత తీసి ఉండేదానివి కావు. నిన్ను ఏడిపించకూడదనుకుని ఆ పసిదాన్ని ప్రమాదంలో పెట్టాను. తప్పు నాది.

ఇంకొకటి విను. పాప హాయిగా నిద్రపోయిందన్నావు. డాక్టరమ్మను అడగడానికి నీ ఉత్తరం పట్టుకుని వెళ్లాను. అది హాయి కాకపోవచ్చు, మత్తు కావచ్చు అంది.

సీసా పారేయి. పెట్టె అడుగున దాచకు, ఆ పిల్ల రేపో మాపో పాకుతుంది. ఆ తర్వాత మేడంకు నీ నోటితోనే చెప్పు. నూనె రాయడం మానేశానుగా, ఇంకెందుకు చెప్పడం అనుకోకు. పాపను ఒకసారి డాక్టరుకు చూపించాలి. పిల్లకు ఏం రాశారో తెలియని తల్లి డాక్టరుకు ఏమని చెబుతుంది? నన్ను అడిగినప్పుడు చెప్పగలిగాను కాబట్టి మనవాడు దక్కాడు.

ఆమె కోప్పడుతుంది. పంపించేయనూ వచ్చు. నీ ఉద్యోగం ఈ ఇంటికి ఎంత ఆసరానో తెలిసే రాస్తున్నాను. అయినా చెప్పు. ఆ బిడ్డను కూడా ఒక తల్లి నమ్మి నీ చేతుల్లో పెట్టి వెళ్తోంది, నువ్వు నా చేతుల్లో పెట్టినట్టే.

పంపించేస్తే తలెత్తుకునే రా. వాణ్ణి చంకన వేసుకుని రేవుకు వస్తాను. నువ్వు చేతులు చాస్తే వాడు నిన్ను పోల్చుకోడు, కొత్త మనిషనుకుని నా మెడ పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తాడు. మనసు కష్టపెట్టుకోకు తల్లీ. ఏడవనీ. అంత గట్టిగా ఏడవడానికి వాడికి ఊపిరి ఉంది.

ఇట్లు,
నీ ఉత్తరం కోసం చూస్తూ ఉండే
అమ్మ,
వా సుమి